పిడికిలి అంటే ఆగు

పదకొండు ఆటలు వరుసవెట్టి ఓడినం.
దేవరకొండ బస్టాండు ఎనక, జిరాక్సు దుకాణం మీది రేకుల గదిల
నేను, గోప్యా, చంద్రమౌళి.
మిర్యాలగూడల వాళ్ళింట్ల నాజ్నీన్.
నకిరేకల్ల, సెల్లు నెట్టు మీద, ఇద్దులు.
అయిదుగురం, అయిదు ఉక్కు మిషిన్లు.
డెబ్బై టన్నుల బరువుండి కూడ
గాలికి పేలపిండోలె చెదిరిపోతుంటిమి.

చెవుల్ల అయిదు గొంతులు.
నా దిక్కు రా, ఎడమకు ఎడమకు,
ఎవడ్రా నన్ను ఇడిసిపెట్టింది.
ఎవరి ఎడమ ఎవరికెరుక?
గోప్యాది సన్న మిషిను, ఉరుకుడే ఉరుకుడు,
ఒక్కన్ని తరుముకుంట పోయి ముగ్గురి నడుమ పడుతడు.
నేనేమో తుపాకి నొక్కినకాడికి నొక్కుతుంటి.
ఎర్ర ముల్లు పైకి పోయేది, మిషిను ఉడికేది,
ఉన్నకాడనే నిలవడి సచ్చేది.
సచ్చినంక అందరం అందర్ని తిట్టుకునేది.

పొద్దంత నా పని బోరుబండి మీద.
డిండి దిక్కు, చందంపేట దిక్కు, యాడ రైతు పిలిస్తె ఆడ.
కంప్రెషరు మొదలైందంటే
దేవుడు పిలిచినా ఇనవడదు.
రెప్పల మీద రాతిపిండి.
ఆడ మాటల్లేవు, చేతులే.
డ్రిల్లరు పాపన్న పిడికిలి ఎత్తితే ఆగు,
అరచెయ్యి బోర్లిస్తే దించు,
రెండు వేళ్ళు తిప్పితే రాడ్డు తగిలియ్యి.
ఆయన చెయ్యి చూడకుండ నేను రాడ్డు ముట్ట,
నా చెయ్యి తియ్యకముందు ఆయన లివరు గుంజడు.
నాలుగు వందల ఫీట్ల కాడ గట్టి రాయి తగిలితె
ఇంక ఒత్తడు పాపన్న.
పైకి లేపుతడు, గాలి ఊదుతడు, బీడీ ముట్టిస్తడు.
"రాయి యాడికి పోదు పిలగా, బిట్టు పోతది" అంటడు.

గా మాట ఒకనాడు రేకుల గదిల యాదికొచ్చింది.

ఆ రాత్రి ఆడలే.
ఓడిన ఆటలే మళ్ళ పెట్టుకొని చూసినం.
సిగ్గయింది.
ఒక్కడు సచ్చేటప్పుడు మిగిలిన నలుగురం
నాలుగు దిక్కుల్ల నాలుగు గోడల్ని కాలుస్తున్నం.
నాజ్నీన్ అన్నది: "మాటలు తగ్గిద్దాం. నాలుగే ఉంచుదాం."
ఏవేంది అంటే నాకు తెలిసినవే చెప్పిన.
ఆగు అంటే ఎవ్వరు ముందుకు వోవద్దు, గోప్యా కూడ.
దించు అంటే గుట్ట సాటుకు.
తగిలియ్యి అంటే అయిదుగురం ఒక్కన్నే, వాని ఒక్క కాలునే.
లేపు అంటే తుపాకులు బంద్, వేడి దిగేదాక.
చంద్రమౌళి నవ్విండు, "బోరేస్తున్నమారా?" అని.
ఏస్తున్నం అన్న.

ఎంటనే ఏం గెలవలే.
ఇంకో ఆరు ఓడినం. కాని ఓడుడు మారింది,
రెండు నిమిషాల్ల పోయే పానం తొమ్మిది నిమిషాలాయె.
గోప్యా తరుముడు మానలే గాని
మూల తిరిగే ముందర ఒక్కపారి ఎనక్కు చూసుడు నేర్సిండు.

ఇగ శుక్రవారం.
అవతలోళ్ళు నలుగురు మిగిలిన్రు, మేం అయిదుగురం.
గెలుపు నోటికాడి బుక్క.
మిర్యాలగూడల కరెంటు పోయింది.
నాజ్నీన్ గొంతు సగం మాట కాడ తెగింది.
ఆమె మిషిను నడి మైదానంల
సర్వేరాయి లెక్క నిలవడిపోయింది.
మునుపైతే ఇడిసిపెట్టి ఉరికేటోళ్ళం.
మైకుల ఎవ్వరు ఏమనలే.
గోప్యా, గా గోప్యానే, తరిమేటోన్ని ఇడిసి మర్రిండు.
నలుగురం ఆమె చుట్టు, వీపులు లోపటికి వెట్టి నిలవడ్డం.
ఇద్దులు మిషిన్ది కుడిచెయ్యి ఊడింది.
నా ఎర్ర ముల్లు కొసకొచ్చింది.
లేపు అన్న. కాల్చకుండ దెబ్బలు కాసిన.

కరెంటు రాలే. టైమైపోయింది.
లెక్కల మూడు పాయింట్లకు ఓడినం.

తెల్లారి చందంపేటల బండి ఎక్కంగ ఫోను మోగింది.
"రాత్రి ఆట చూసిన. నా మిషిను మీద
ఒక్క గీత కూడ లేదేంది?"
ఏమని చెప్పాల్నో దొర్కలే.
పాపన్న పిడికిలి ఎత్తిండు.
ఫోను జేబుల వెట్టిన.