ఎర్ర గీత

విజీనారం తోటపాలెం అవతల ఖాళీ జాగాలో
అక్టోబరంతా ఎగ్జిబిషను.
కొలంబస్ పడవ మెట్ల దగ్గర నా ఉద్యోగం.
చేతిలో సరుగుడు కర్ర,
నూట ఇరవై దగ్గర ఎర్ర గీత.
గీతకి పైన తల ఉంటే ఎక్కు.
కింద ఉంటే పీచు మిఠాయి అటేపు.

గీత నేనే గీశాను, టేపు పెట్టి మూడుసార్లు కొలిచి.
"బంగారం తూస్తన్నావేట్రా అసిరినాయుడూ"
అని నవ్వాడు మేనేజరు.

ఆయనకి తెలీదు.
శ్రీకాకుళం ఆర్మీ ర్యాలీలో తెల్లారకుండానే
పదహారు వందల మీటర్లు నాలుగో వాడిగా పరిగెత్తి
కొలబద్ద కింద నిలబడ్డాను.
హవల్దారు నా మడమల కింద వేలు పెట్టి చూశాడు.
ఒక్క సెంటీమీటరు.
ఆర్నెల్లు కమ్మీకి వేలాడి సంపాదించిన పొడుగు
రాత్రంతా స్టేడియం గోడ కింద కూర్చునే సరికే
దిగిపోయింది.

నిన్న ఇంకో రకం.
నెల్లిమర్లలో బడిపిల్లలకి వండే పారమ్మ
మనవరాలి పక్కన కూర్చుంది.
అడ్డకమ్మీ ఆమె పొట్ట దగ్గర ఆగిపోయింది, క్లిక్కుమనలేదు.
రెండుసార్లు నొక్కాను.
పడవ పడవంతా ఇటే చూస్తోంది.
"ఉండు బావూ, నా పొట్ట నీ ఇనుముకి నచ్చనేదు.
నా అరవై రూపాయలు మాత్రం నచ్చీసాయి" అని తనే లేచింది.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
మెట్లు దిగేటప్పుడు పమిట కొంగు
పొట్ట చుట్టూ రెండుసార్లు సర్దుకుంది.
టిక్కెట్టు డబ్బులు తిరిగిచ్చే వీల్లేదని
నేనే చెప్పాల్సొచ్చింది.

మొదటిరోజు మేం పిల్లాడంత ఇసక బస్తా
సీట్లో పెట్టి ఊపి చూశాం.
మూడో ఊపుకి కమ్మీ కింద నుంచి జారి
రేకుల మీద పడింది.
ఆ చప్పుడు విన్నాకే గీత గీశాను.
ఈ గీత కింద ఏం జారుతుందో నాకు తెలుసు.
ఆ కొలబద్ద కింద, ఒక్క సెంటీమీటరులోంచి,
ఏం జారి ఎక్కడ పడేదో
ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఈ గుంటడు.
బొబ్బిలి నుంచి వచ్చాడట, పేరు మోక్షిత్.
జుట్టు నీళ్ళతో దువ్వి నిలబెట్టాడు.
బూట్లలో పేపరు మడతలు.
వంగి వాడి మడమ కింద వేలు పెట్టాను.
హవల్దారు వేలు
నా చేతికి ఎప్పుడు మొలిచిందో.

"వద్దు నాన్నా."
వాడు ఏడవలేదు.
మడతలు పీకి, ఉండ చుట్టి విసిరాడు.
సరిగ్గా ఛాతీకి తగిలింది,
ఐదు సెంటీమీటర్లు ఉబ్బించమన్న చోట.

కర్ర నిటారుగా పెట్టి
తర్వాతెవరు, అన్నాను.