సూది ఏడు దాటేదాకా

తాళంచెవి అప్పుడే తిప్పొద్దు, ఓబులేసూ.
కిందికి దిగు. బండి సుట్టూ ఒగసారి తిరిగిరా,
ఊరికి పోతా పోతా, పొయ్యి ఆర్పినామా లేదా అని
వాకిట్లోనుంచి మళ్లా లోపలికొచ్చినట్ల.

నాలుగు నెలలు నిలబడింది ఇది సుబియా ఇసకలో.
రేపటితో క్యాంపుల గడువు అయిపాయ.
బాబా, పిల్లోళ్లు, కండ్లకు టోపీలు పెట్టిన డేగలు,
అందురూ ముందు కార్లలో పొయినారు.
మిగిలింది మనిద్దరం, ఇంత పొడుగు ఇల్లూ.

గ్యాసు కట్టేసినావా? మళ్లా చూడు.
ఫ్రిజ్జుకు గొళ్లెం పెట్టు.
పైకప్పు కిటికీ మూయి. పోయినేడు మరిస్తే
జహ్రా రోడ్డు మింద గాల్లో కలిసిపాయ,
దాని ఖరీదు మూడు నెలల జీతంలో తెగింది.
మురికినీళ్ల గొట్టం వాసన చేతికి రెండ్రోజులుంటాది.
ఉండనీ.

ఇంగ జాకీలు.
కిందేసిన చెక్కలు ఇసకలో కూరకపోయింటాయి,
చేయి పెట్టొద్దు, పార పెట్టు,
తేలుకు కూడా నీడ కావాల గదా.

చూసినావా,
జాకీ తీయంగానే ఎడమపక్క ఎట్ల కుంగిందో?
వెనక గాలిసంచిలో లీకు.
సబ్బునీళ్లు పూసి నేనే పట్టుకున్యా,
రాయచోటి సైకిలంగట్లో ట్యూబులు పట్టిన చేతులివి.
ఆవగింజంత బుడగ.
ఒగటి పగిల్తే ఇంగొగటి.
బాబాకు చెప్పలే.
చెప్తే బండి నెల్రోజులు షెడ్డులో ఉంటాది,
ఆ నెల నేను యాడ పండుకునేది?
విల్లా గోడపక్కన నిలబెట్టిన రాత్రిళ్లు
తెల్లారేసరికి తల కిందికి, కాళ్లు మీదికి.
నా బరువుకే కుంగిందేమో అనుకునేవాణ్ణి మొదుట్లో.

ఇంజిను తిప్పు. తిప్పు, కదిలించొద్దు.
కంప్రెసరు గుర్రుమంటాది. ఎర్రదీపం.
సూది రెండు కాడ ఉండాది.
ఎందుకు తొందర, టీ తాగు.
తొందరపడినోడు ఒగడు కుంగిన బండినట్లే తోల్న్యాడు,
ట్రాక్టరొచ్చేదాకా దాని పొట్ట కింద ఇసక తవ్వతానే ఉన్యాడు.
నాలుగు.
గ్లాసు ఆ బల్ల మింద పెట్టి చూడు,
టీ ఎడమ అంచు విడిచిపెడతాంది.
ఒంటె కూడా వెనక కాళ్లే ముందు లేపుతాది,
మింద కూసున్నోడు అరిచేదాకా.
ఐదు.

నా అకామా వచ్చే నెలతో సరి. కొత్తది కొట్టిస్తాననలేదు,
నేనూ అడగలే.
ఎడమపక్క బల్ల ఇంగ నీదే.
తలగడ రెండు మడతలు పెట్టుకో.
లీకు సంగతి చెప్పాల్నా వద్దా, నీ ఇష్టం.

ఆరు. ఏడు.
ఉస్సుమన్నది లీకు కాదులే,
నిండినాక ఊపిరి వదిలింది. దీపం ఆరిపాయ.
టీ మట్టంగా నిలబడింది, తాగేయ్.
పా.

ఆగాగు.
మెట్టు లోపలికి తోసినావా?