మోత

నలభై అయిదు దాటంగానే మొదలయ్యేది.
ముందు తుమ్మెద. యాభైకి తిరగలి.
అరవైకి అద్దంలో ఎనక బండి రెండుగా కనపడేది.

పత్తికొండ మార్కెట్లో తలా ఒక మాట చెప్పినారు.
టైర్లు, అన్నాడొకడు.
ముందువి ఎనక్కి, ఎనకవి ముందుకి మార్చినాం.
మోత ఉన్న చోటే ఉండాది.
క్రౌను పినియన్ పోయింటాది, అమ్మేయ్ అన్నాడు బ్రోకరు తిక్కన్న
వక్కాకు నముల్తా,
నా బండికి పాడె కట్టడం అంత సులువైనట్ల.
పద్దెనిమిది వేలంట.
బాక్సుకు పన్నెండు రూపాయల బాడుగ లెక్కన
పదైదు నూర్ల బాక్సులు.
మళ్ళా లెక్క చేసినా. తగ్గలే.

ఆదోని రోడ్డులో పీరావలి మేస్త్రీ షెడ్డు.
ఆయప్పకు సగం చెవుడు,
ఎడమ చెవిని ఎప్పుడో ఒక కంప్రెసరు తినేసింది.
"నువ్వు చెప్పగాకు, బండిని చెప్పనీ" అని
ఖాళీ తొట్టిలో బోర్లా పడుకున్నాడు,
మురిగిన టమోటా వాసనలో,
రేకుకు కుడి చెవి ఆనించి.
రేకు మీద ఒక దెబ్బ కొడితే నేను కాలు తియ్యాల,
రెండు కొడితే తొక్కాల.

ఒకటి కొట్టినాడు. తీసినా.
మోత మారలే.
రెండు కొట్టినాడు. తొక్కినా.
అదే గొంతు, అదే శృతి.
ఇటుకబట్టీల పక్కన బీడులో
కుడికి తిప్పితే అరిచె,
ఎడమకి తిప్పితే గొణిగె.

దిగి, ఏమీ అనకుండా
ఎనక చక్రాల నడిమికి చెయ్యి పెట్టి సూసినాడు,
బిడ్డకు జ్వరం సూసినట్ల.
కుడిది గోరువెచ్చన.
ఎడమ దానికాడ చెయ్యి ఎనక్కి గుంజుకున్నాడు.
బరువు యా పక్కకి ఒరిగితే ఆ పక్కది ఏడుస్తాదప్పా,
మనుషులూ అంతే, అంటాడేమో అనుకున్నా.
"పదిహేడు పానా తేరా" అన్నాడు పిల్లోనితో.

వణుకు వేరే, మోత వేరే.
రెండు జబ్బులు ఒకే మంచంలో పండుకున్నాయి.
షాఫ్టు క్రాసు ఇప్పితే కప్పులో గ్రీసు లేదు,
తుప్పు కుంకుమ మాదిరి రాలింది. అదీ వణుకు.
ఎడమ యాక్సిలు గుంజితే బేరింగు బయటికొచ్చె,
మసూచి పోసిన మొగం లెక్క, గుండ్ల నిండా గుంతలు.
హౌసింగులో నూనె వేలితో తీసి
ఎండకు పట్టి సూసినాడు, చానా సేపు.
నల్లగా ఉండాది గాని ఇనుము తళుకు లేదు.
"పండ్లు గట్టిగుండాయి. ఇంగా నములుతాది."
మూడు వేల రెండు నూర్లు.
రెండు నూర్లు బాకీ పెట్టి, సలాం చేసి వచ్చినా.

ఆ రాత్రి అరవై బాక్సుల లోడు.
సప్పుడే లేదు.
బండి కింద రోడ్డుందో లేదో తెలీనంత నున్నగా పోతాంది.
సంతోషంగా ఒక బీడీ ముట్టించినా.
ఆస్పరి ముందర స్పీడు బ్రేకరు
ఎప్పుడూ ఉండే చోటే ఉండాది,
నేనే ముందొచ్చినా.
బాక్సులు లేచి, గాల్లో ఒక గడియ ఆలోచించి, పడినాయి.
రెండు బాక్సులు రోడ్డు పాలు.

అప్పుడు గుర్తుకొచ్చె:
మీటరు ముల్లు సచ్చి పది నెల్లు,
మోత పుట్టి తొమ్మిది.
తుమ్మెదంటే నలభై అయిదు, తిరగలంటే యాభై,
అద్దం వణికితే కాలు తియ్యాల.
నాకు తెలీకుండానే నా కాలు నేర్చుకున్న లెక్క అది.
మూడు వేలు ఇచ్చి దాన్ని పీకించినా.

రోడ్డు పక్కన నిలబడి పోను చేసినా.
"మేస్త్రీ, మోత లేదు."
"మంచిదే గదా."
"అది లేక ఎంత స్పీడులో పోతాండానో తెలీలే."
ఆ పక్క కొంచేపు ఏమీ లేదు.
సెవుడు గదా, ఎడమ చెవికి పెట్టుకున్నాడేమో.
"మీటరు కేబులు నాలుగు నూర్లు" అన్నాడు.
"పాత బాకీ రెండు నూర్లు."

ఆరు నూర్లు.
టార్చి ఏసి టమోటాలు ఏరుకుంటా లెక్క కట్టినా.
యాభై బాక్సులు.