తప్పనిసరి గడి

రీగాలో జనవరి. దౌగవ నది మీద మంచు
ఇస్త్రీ మరిచిన దుప్పటిలా ముడతలు పడి ఉంది.
మూడో అంతస్తు తరగతి గదిలో
ప్రొఫెసర్ బ్రిగ్మనిస్ బోర్డు మీద గరాటు గీశాడు:
పైన లోకమంతా, కింద కొన్నవాళ్లు.
"మధ్యలో జారిపోయేవాళ్లను లెక్కపెట్టండి" అన్నాడు.

మా జట్టు నలుగురం.
కుమాసి నుంచి క్వాదో, అంకెలంటే ప్రాణం.
లిమా నుంచి యెసేనియా, రంగులు తప్ప మరేదీ నమ్మదు.
బెర్గెన్ కుర్రాడు తూరె, ఎప్పుడూ ఆకలే.
బతూమి నుంచి నేను. ఫారాలు చేయడం నా వంతు.
మాకు పడిన వ్యాపారం
సంత వెనక సందులో స్కైద్రీతె అల్లే ఊలు చేతి తొడుగులు.

డెబ్భై ఒకటేళ్ల మనిషి. సూదులు ఆపకుండానే మమ్మల్ని చూసింది.
"ఇంటర్నెట్ అంటే
ముక్కూ మొహం తెలియనివాళ్లు నా తలుపు కొట్టడమా?"
అవునన్నాం.
"అయితే బూట్లు విప్పి రమ్మనండి."

చేతిలో డబ్బు లేదు, కాబట్టి ఉచిత పేజీ.
అడుగున ఆ కంపెనీ పేరు,
అద్దె తీసుకోని యజమాని గోడకు కొట్టిన బోర్డులా.
యెసేనియా మూడు రోజులు ఒక్క ఎరుపు కోసం వెతికింది.
క్వాదో క్యూఆర్ కోడ్ అచ్చువేసి బల్లకు అంటించాడు.
స్కైద్రీతె కళ్లజోడు పైకెత్తి దాన్ని చాలాసేపు చూసి
"ఇది ఏ ఊరి అల్లిక?" అనడిగింది.

చిన్నది, పెద్దది అంటే ఆమెకు గిట్టదు.
అవి సంచులకు చెప్పే కొలతలట.
అందుకని పది వేళ్లకు పది గడులు పెట్టాను,
సెంటీమీటర్లలో.
గడి గడికీ పక్కన ఎర్ర నక్షత్రం:
తప్పనిసరి.

పదకొండు రోజులు.
నాలుగు వందల ఆరుగురు చూశారు, తొమ్మిదిమంది కొన్నారు.
క్వాదో గరాటులో అంకెలు పోస్తూ ఈల వేశాడు.
"వీణ్ణి చూడండి, ఫారం పదిహేడు సార్లు తెరిచాడు. పంపడు."
"వట్టి బేరగాడు" అన్నాడు తూరె, నా రొట్టె నములుతూ.

పన్నెండో రోజు ఆ బేరగాడే స్కైద్రీతెకు ఫోన్ చేశాడు.
పేరు ఇండులిస్. కుల్డీగ దగ్గర కలప మిల్లు.
ఎడమచేతి ఉంగరపు వేలూ చిటికెన వేలూ
ఇరవై ఏళ్ల కిందట రంపం తీసుకుంది.
గడి ఖాళీగా వదిలితే నా ఫారం అంది:
ఇది నింపాలి.
సున్నా కొడితే అంది:
ఒకటి కంటే తక్కువ చెల్లదు.
పదిహేడు సార్లు అంది.
మర్యాదగా. ఎర్రగా.

ఐదు వేళ్లూ ఒక్కలా ఉండవని చిన్నప్పుడే విన్నదాన్ని.
ఐదూ ఉంటాయని మాత్రం
ఎవరూ చెప్పకుండానే నమ్మాను.

దిద్దడానికెంతసేపు?
నక్షత్రాలు తీసేయడం, ఒకటిని సున్నా చేయడం.
ట్రామ్ రెండు స్టాపులు దాటేలోపు అయిపోయింది,
కుడిచేతి తొడుగు పళ్లతో లాగి
ఒక్క వేలితో.

చివరి రోజు ప్రొఫెసర్ అడిగాడు, జారిపోయినవాళ్లెందరని.
"మూడు వందల తొంభై ఆరు" అన్నాడు క్వాదో.
కాసేపాగి, "వాళ్లలో ఎందరు జారారో,
ఎందర్ని మేం తోశామో తెలీదు సార్" అన్నాడు.
అది స్లైడులో లేదు.
మాకు పదికి ఎనిమిది వచ్చింది.
తూరె నా చేతుల వైపు చూశాడు, నేను కిటికీ వైపు.

స్కైద్రీతె ఆ జత అల్లడానికి తొమ్మిది రోజులు పట్టింది.
ధర తగ్గించలేదు.
"వేళ్లు రెండు తక్కువ, ముడులు నాలుగెక్కువ" అంది.
మిగిలిన ఊలు చిన్న ఉండగా చుట్టి
పొట్లంలోనే పెట్టేసింది,
అదీ అతనిదేనంటూ.