తడి చెంప

చీమకుర్తి దాటాక, రామతీర్థం పోయే దారి మొగలో
రేకుల షెడ్డు. బోర్డు లేదు.
పగిలిన బ్రేక్ డ్రమ్ము ఒకటి వేలాడుతుంటుంది.
స్పానర్‌తో దాన్ని కొడితే
ఇప్పుడు కరీముల్లా మేస్త్రీ రాడు, నేనొస్తాను.

క్వారీ పేలుళ్లు ఒక చెవి తీసుకున్నాయి.
రెండోదాన్ని ముప్పై ఏళ్ల గాలి
కొంచెం కొంచెంగా కోసుకుపోయింది.
అయినా లీకు పట్టాలంటే
పొదిలి నుంచీ, టంగుటూరు నుంచీ ఈయన దగ్గరికే వస్తారు.

ఈ పొద్దు పెంచలయ్య బండి.
తొంభై ఆరు మోడలు, పది టైర్లు.
ఓనర్లు నలుగురు మారారు, డ్రైవరు మారలేదు.
"రాత్రి ఏడు కేజీల గాలితో ఆపి పడుకున్నా అబ్బయా,
తెల్లారి చూస్తే ముల్లు కూడా పడుకోనుంది."

ముందు చక్రాలకు చెక్కలు పెట్టాం.
పెట్టకుండా బండి కిందికి దూరినోడికి
ఈ షెడ్డులో ఆ పూట అన్నం లేదు.

ట్యాంకు అడుగున కుళాయి తిప్పితే
నీళ్లు, నీళ్ల వెనక
మజ్జిగలా విరిగిన ఆయిలు.
మేస్త్రీ దోసిట్లో పట్టాడు.
ఎన్నాళ్లయింది తీసి, అని అడగలేదు,
దోసిలి అట్టాగే చాపి నిలబడ్డాడు.
పెంచలయ్య రోడ్డు వైపు చూస్తూ
కంప్రెసర్ రింగులు పోయాయేమో అన్నాడు.
అదీ నిజమే.

ఇంజను వేశాం. ముల్లు బద్ధకంగా లేచింది.
నాలుగు, ఐదు, చాలాసేపు ఆరు,
ఏడు దాటాక అన్‌లోడర్ తుమ్మింది.
ఆపేశాం.
నేను సబ్బునీళ్లు చల్లుకుంటూ పోయాను,
గొట్టాల మీద, జాయింట్ల మీద, పెడల్ వాల్వు కింద.
ఎక్కడా నురగ ఉబ్బలేదు.
చెవి పెడితే
పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే చప్పుడు.
రాయి లారీ ఒకటి రోడ్డున పోయింది,
అదీ పోయింది.

అప్పుడు మేస్త్రీ లేచి
బకెట్లో తువ్వాలు ముంచి ఎడమ చెంప తడుపుకున్నాడు.
గడ్డం ఆ ఒక్క వైపే రోజూ గీస్తాడు,
రెండో వైపు శుక్రవారానికి.
ఇరుసుల కింద వెల్లకిలా జరుగుతూ
చాంబరు చాంబరుకీ మొహం ఆనించి కళ్లు మూసుకున్నాడు.
మూడో దాని దగ్గర చెయ్యెత్తాడు.
"చల్లగుంది."

గ్రానైటు బురద గట్టిపడిన చోట
గోటితో గీకితే సన్నటి కన్నం, అందులోంచి గాలి.
బురద ఇంకాస్త రాలింది, బోల్టు తల బయటపడింది.
గాలి పోతే చక్రాన్ని పట్టుకోవాల్సిన స్ప్రింగును
ఎవరో బోల్టేసి కట్టేశారు.
నాలుగు చాంబర్లకూ.

"కావలి కాడ నడిరోడ్డున బిగుసుకుపోయింది మేస్త్రీ,
ఇరవై ఐదు టన్నుల రాయి మీదుంది,
కృష్ణపట్నంలో ఓడ నాకోసం ఆగుద్దా?"
మేస్త్రీకి పెదాలు చదవడం వచ్చు.
ఆ పూట చదవలేదు.
పై రేకులో ఉన్న కన్నం వైపు చూశాడు.
అట్టాంటి డబ్బా ఒకటి విప్పబోతే
లోపలి స్ప్రింగు లేచిపోయిన దారి అది.
వానొస్తే దానికింద బకెట్ పెడతాం,
ఎండొచ్చినా అక్కడెవరూ కూర్చోరు.

విప్పలేదు. డబ్బా డబ్బాగా మార్చాం.
పుష్‌రాడ్ల మీద సుద్దగీత గీసి,
పెడల్ తొక్కించి, గీత ఎంత జరిగిందో కొలిచి,
అడ్జస్టర్లు తిప్పేసరికి
నా మోచేతుల దాకా గ్రీజు, రోడ్డు మీద లైట్లు.
బోల్టులు నాలుగూ ఊడదీసి మేస్త్రీ
పెంచలయ్య చొక్కా జేబులో వేశాడు.
జేబు కిందికి జారింది.

చెక్కలు తీశాం. హ్యాండ్ బ్రేకు లాగితే
బుస్సుమన్న మోత నేను విన్నాను.
ఆయన చక్రం మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు.
బండి కొంచెం వెనక్కి ఒరిగి, ఆగింది.

డబ్బు సగమే ఇచ్చాడు పెంచలయ్య.
మిగతాది ఓడ పోయినాక.

అందరూ పోయాక నేనూ తువ్వాలు ముంచి
చెంప తడుపుకుని
కంప్రెసర్ గొట్టం దగ్గర కూర్చున్నాను.
రోడ్డు గాలి తగిలింది, దోమ ఒకటి తగిలింది.
ఇంకేం తెలియలేదు.
మళ్లీ తడుపుకున్నాను.