మొన్నటి పోటు

తెల్లబోర్డు మీద నాలుగు పేర్లు రాసి
రన్‌వా పెన్నుకి మూత పెట్టకుండా వదిలేసింది.
షెల్, పెర్ల్, పైథాన్, గో.
బయట తోర్షవ్న్ రేవు లేదు.
పొగమంచులో లేదంటే లేదు,
పడవల కొయ్యలు కూడా లేవు.

మాకున్నవి నలభై ఆరు యంత్రాలు.
పద్దెనిమిదింటికి మా దీవుల పేర్లు పెట్టి
దీవులు అయిపోయాక పక్షుల మీద పడ్డాం.
దీవుల మధ్య సముద్రం ఏ గంటకి ఎటు లాగుతుందో
రాత్రంతా లెక్కగడతాయి అవి.
వాటిని గంటకి పన్నెండుసార్లు
బాగున్నావా అని అడగాలి.
ఏ భాషలో అడగాలన్నదే ఇవాళ్టి తగువు.

ఇన్నాళ్ళూ అడిగింది మార్యున్ రాసిన పెర్ల్,
పదకొండు వందల వరసలు.
ఆమె రిటైరై క్లాక్స్‌విక్‌లో
గొర్రెల ఉన్ని కత్తిరించుకుంటోంది.
నాలుగు వందల పన్నెండో వరస పైన
ఆమె రాసి పెట్టిన మాట:
"దీన్ని ముట్టుకోకండి."
ముట్టుకోలేదు. పదేళ్ళు.

హోగ్నికి గో కావాలి.
ఒక్క ఫైలు, ఎక్కడ విసిరినా పరిగెడుతుందంటాడు
కొత్త సైకిలు కొన్న పిల్లాడిలా.
పొరుగింటి పుల్లకూర, అంది రన్‌వా.
తనకి పైథాన్.
చదివితే చదివినట్టే అర్థమవుతుందట.
ఆరు యంత్రాల్లో ఇంకా పాత వెర్షనే ఉందన్న సంగతి
గొంతు తగ్గించి చెప్పింది.
నేను షెల్ మనిషిని.
అది ఏమీ కోరదు, మనకంటే ముందే అక్కడ ఉంటుంది.
ఒక్క ఖాళీ ఎక్కువైతే కొంప ముంచుతుంది, నిజమే.
ముంచిన రోజున నేను సెలవులో ఉన్నాను,
అదీ నిజమే.

మూడో కాఫీకి ఫోను మోగింది.
సాండోయ్ నుంచి హానుస్,
కాడ్ చేపలకి ఒంటరిగా వెళ్ళే ముసలాయన.
"మీ పటంలో పోటు మొన్నటిది" అన్నాడు.
కోపం లేదు.
కొట్లో పాలు విరిగాయని చెప్పినట్టు చెప్పాడు.

తెర చూశాం.
నలభై ఆరూ పచ్చగా ఉన్నాయి.

లిట్లా దీమున్‌లోకి దిగి చూస్తే
డిస్కు గొంతుదాకా నిండిపోయింది.
మొన్న రాత్రే లెక్కలు ఆగిపోయాయి.
స్క్రిప్టు అడిగింది, జవాబు రాసుకోబోయింది,
రాసుకోడానికి చోటు లేక ఊరుకుంది.
మౌనం అర్ధాంగీకారమనుకుని
తెర పాత పచ్చరంగునే పట్టుకు కూచుంది.
ఆ పేరున్న అసలు దీవిలో
గొర్రెలు తప్ప మనుషులుండరు.
పేరు పెట్టిన రోజు నవ్వుకున్నాం.

డిస్కు ఖాళీ చేయడానికి ఆరు నిమిషాలు.
హానుస్‌కి ఎవరు ఫోను చేయాలో తేలడానికి
అంతకంటే ఎక్కువే పట్టింది.
నేనే చేశాను.
ఎలా తెలిసిందని అడిగాను.
"తాడు చెప్పింది. నేను అడగలేదు, అదే బిగిసింది."

హోగ్ని బోర్డు దగ్గరికి వెళ్ళి
నాలుగు పేర్ల కింద
మార్యున్ ఫోన్ నంబరు రాశాడు.
వెనక గొర్రెలు అరుస్తున్నాయి.
నాలుగు వందల పన్నెండా,
అది నోరు నొక్కే వరస, అందామె.
తప్పు జరిగినప్పుడల్లా అరిచేది.
ఆ చలికాలం పిల్లకి కోరింత దగ్గు,
నాకు నిద్ర కావాల్సి వచ్చింది.
తీసేద్దామనే అనుకున్నాను.

ఎవరం ఏమీ అనలేదు.
రన్‌వా పైథాన్ చుట్టూ సున్నా చుట్టబోతే
పెన్ను ఎండిపోయింది.
అయినా సరే, అదే అనుకున్నాం.
రాత్రి మూడింటికి కళ్ళు నులుముకుంటూ
చదవగలిగేది అదొక్కటేనని
హోగ్ని కూడా ఒప్పుకున్నాడు, సగం మనసుతో.

కొత్తది రాసింది నేను.
పది నిమిషాలు తన మాట వినబడకపోతే
దూరంగా ఇంకో యంత్రం అరిచేలా రాశాను.
మొదటి వారంలోనే నాలుగు రాత్రులు లేపింది.
మూడుసార్లు ఊరికే.
నాలుగోసారి రెండూ నలభైకి
చీకట్లో మంచం మీదే తెర తెరిచాను.
బయట వాన రేకుల మీద మోగుతోంది.
నోరు నొక్కడం
ఏ భాషలోనైనా ఒక్క వరసే.
వేళ్ళు దాని దగ్గరికే వెళ్ళాయి.