అరవైలో

యాభైలో ఏమీ ఉండదు.
యాభై అయిదు దగ్గర స్టీరింగ్ గొంతు సవరించుకుంటాది.
అరవైలో వణుకు.
డెబ్భై అయిదు దాటిస్తే మళ్ళీ గమ్మునైపోతాదని
ఖాళీ బండితో ఒకసారి చూశాను.
వెనకాల పద్దెనిమిది టబ్బుల రొయ్యలతో
అంత ధైర్యం ఈ పందొమ్మిదేళ్ళ బండికీ లేదు, నాకూ లేదు.
యాభైలో పోతే ఐసు కరిగిపోతాది.
కాబట్టి మా ఇద్దరి బతుకూ అరవైలోనే.

రాజుపాళెంలో హైవే ఎక్కింది మొదలు
పెన్నా బ్రిడ్జి దాకా పట్టుకున్నది పట్టుకున్నట్టే.
ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నా
వేళ్ళలో ఇంజను ఆగదు.
చారు గిన్నె జరిపి సుభాషిణి అడిగింది:
"బండి దిగినావా, లేదా?"

కోవూరులో ఒకాయన టై రాడ్ ఎండ్లు మార్చాడు.
పద్దెనిమిది వందలు.
ఇంకొకాయన అలైన్‌మెంట్ చేసి
తెర మీద పచ్చగీతలు చూపించాడు.
పచ్చగీతల్ని నమ్మి వచ్చాను, మళ్ళీ అరవై, మళ్ళీ వణుకు.
మా ఓనరు మాలకొండారెడ్డి
"బండికి కాదురా చెంగయ్యా, నీ చేతులకే వయసొచ్చింది" అన్నాడు.
ఆ రాత్రి లైటేసుకుని
చేతులు చాపి చూసుకున్నాను, చాలాసేపు.

ఆటోనగర్ చివర రేకుల షెడ్డు, సిలార్ సాయిబు.
పానా ముట్టుకోలేదు. బీడీ చెవి మీద పెట్టి
అడగడం మొదలుపెట్టాడు.

"చేతికా, సీటుకా?"
చేతికే.
"సీటుకైతే వెనకచక్రాలు, లేకపోతే షాఫ్టు. చేతికంటే ముందరే.
బ్రేకు తొక్కితే పెరుగుతాదా?"
లేదు.
"అయితే డ్రమ్ముల పాపం కాదు.
గుంటలో పడ్డాకనా, ఊరికేనా?"
ఊరికేనే. నున్నటి రోడ్డు మీద ఇంకా బాగా.
"ఊఁ" అన్నాడు, ఆ ఒక్క ముక్కకే వచ్చినట్టు.

జాకీ ఎత్తాడు.
చక్రాన్ని గడియారంలా పట్టుకున్నాడు.
పన్నెండు మీద ఒక చెయ్యి, ఆరు మీద ఒక చెయ్యి, ఊపాడు.
బేరింగు మాట్లాడలేదు.
మూడు, తొమ్మిది. మళ్ళీ ఊపాడు.
"టై రాడ్లు బాగా వేసినాడు. అవసరమే లేదు గానీ
బాగా వేసినాడు."

అప్పుడు చక్రాన్ని ఊరికే తిప్పి వదిలాడు.
తిరిగి తిరిగి ఆగింది.
కింద ఆగినచోట సుద్దముక్కతో గీత.
మళ్ళీ తిప్పాడు. గీత పైకెళ్ళి, తటపటాయించి,
వెనక్కొచ్చి కిందనే ఆగింది.
మూడోసారీ అక్కడే,
సాయంత్రానికి కొట్టానికి చేరే గేదెలాగ.

నట్లు విప్పి చక్రం పడుకోబెట్టాడు.
రిమ్ము లోపలివైపు, ఎవరూ చూడని వైపు,
ఇటుకలా బిగిసిన మట్టి.
స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో రెండు దెబ్బలు.
చిన్న సంకటి ముద్దంత ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.
నల్లమట్టి. అందులో ఒక నత్తగుల్ల.

నవంబరు ముసురులో ఊటుకూరు గుంటల దగ్గర
యాక్సిలు దాకా దిగబడిన రాత్రి.
ట్రాక్టరుతో లాగించి, రొయ్యలు ఆలస్యమయినాయని తిట్లు తిని
కడగకుండానే తోలుకుపోయాను.
ఆ గట్టు నాతోటే వచ్చింది.
మూడు నెలలు తిరిగింది, నిమిషానికి ఎన్నిసార్లో.

సిలార్ దాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు.
"నూటయాభై గ్రాములుంటాది."
రెండోపక్క చక్రం కూడా గీకాడు. అక్కడా కొంత.
"ఎంత సాయిబూ?"
"మట్టికి రేటు లేదబ్బా. టీకి యాభై ఇచ్చి పో."

హైవే మీద యాభై. యాభై అయిదు.
చేతులు వాటంతట అవే బిగుసుకున్నాయి.
అరవై.
ఏమీ లేదు.
నమ్మకం కుదరక తగ్గించి, మళ్ళీ అరవైకి తెచ్చాను.
స్టీరింగ్ మీద రెండు వేళ్ళే ఉంచాను. తర్వాత ఒకటి.

కావలి వైపు లారీలు దాటిపోతున్నాయి.
ఆ నిశ్శబ్దంలో, ఇన్నాళ్ళూ వినబడనిది,
ఎడమ తలుపు లోపల ఏదో నట్టు
టిక్కు టిక్కుమంటా దొర్లుతోంది.
సిలార్‌ని అడగాలి ఎప్పుడన్నా.
తొందరేం లేదు.